క్రీడాంగణం: చేతులు మారే చోట

గత సంచికలో వంద మీటర్ల పరుగు గురించి మేము వ్రాసిన వ్యాసం చదివి, మన కాలనీ పాఠశాలలో పదవ తరగతి చదువుతున్న ఒక విద్యార్థిని మాకు ఉత్తరం పంపింది. అందులో ముందుగా ఒక లెక్క ఉంది. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో వంద మీటర్ల దూరాన్ని 9.58 సెకన్లలో అధిగమించాడు. దానిని నాలుగుతో హెచ్చవేస్తే 38.32 వస్తుంది. అనగా నలుగురు బోల్టులు వరుసగా పరుగెత్తినా నాలుగు వందల మీటర్లకు 38.32 సెకన్లు పట్టాలి. మరి 2012 లండన్ ఒలింపిక్స్‌లో జమైకా జట్టు 4×100 మీటర్ల రిలేను 36.84 సెకన్లలో ఏ విధంగా ముగించింది? ఆ జట్టులో బోల్ట్ ఒక్కడే కదా! లెక్క తప్పా, గడియారం తప్పా అని ఆ అమ్మాయి ప్రశ్న.

ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో మరొక సంగతి కూడా ఉన్నది. కిందటి ఏడాది పాఠశాల క్రీడోత్సవంలో వీరి జట్టు ముందంజలో ఉండగా ఆఖరి మార్పిడిలో బేటన్ నేల పడిపోయిందట. అందించింది ఈ అమ్మాయి, అందుకోవలసినది ఆమె స్నేహితురాలు. తప్పు నీదంటే నీదని ఇద్దరూ నాటి నుండి మాట్లాడుకోవడం మానివేశారు. "ఇటువంటప్పుడు తప్పు ఇచ్చినవారిదా, పుచ్చుకున్నవారిదా? పుస్తకంలో ఏమున్నదో చెప్పండి" అని వ్రాసింది. మొదటి ప్రశ్న తేలిక. రెండవ దాని కోసం మేము చాలా పుటలు తిరగవేయవలసి వచ్చింది.

లెక్కలో గాని గడియారంలో గాని తప్పు లేదు. వంద మీటర్ల పందెంలో పరుగు వీరుడు నిశ్చల స్థితి నుండి బయలుదేరుతాడు. తుపాకి శబ్దం విని కదలడానికి సెకనులో పదవ వంతుకు పైగా పడుతుంది. పూర్తి వేగం అందుకునేసరికి యాభై, అరవై మీటర్లు గడిచిపోతాయి. రిలేలో ఈ నష్టం మొదటివాడికి మాత్రమే. మిగిలిన ముగ్గురూ ముందుగానే కదలి, వేగం పుంజుకున్న పిమ్మట బేటన్ అందుకుంటారు. అదీగాక ఇచ్చేవాడు చేయి ముందుకు చాచి, పుచ్చుకునేవాడు చేయి వెనుకకు చాచినప్పుడు వారి మధ్య సుమారు ఒక మీటరు ఎడం ఉంటుంది. ఆ మీటరు దూరం బేటన్ ప్రయాణిస్తుందే తప్ప ఏ కాళ్లూ పరుగెత్తవు. మూడు మార్పిడులకు మూడు మీటర్లు అట్లా ఉచితంగా కలసివస్తాయి. గడియారం కొలిచేది బేటన్ ప్రయాణాన్ని. మనుషులు దానికి వాహనాలు.

మన భాషలో ఈ పందానికి మంచి మాటే ఉన్నది: అంచెల పరుగు. పూర్వం మైసూరు, తిరువాన్కూరు సంస్థానాలలో టపా వ్యవస్థకే అంచె, అంచల్ అని పేరు. సంచీ ఒక మనిషి భుజం మీద నుండి మరొకని భుజానికి మారుతూ ఊళ్లు దాటేది. ఏ మనిషి ఎంత వేగంగా పరుగెత్తాడన్నది ఉత్తరం కోసం ఎదురుచూసేవారికి పట్టదు. వారికి కావలసినది సంచీ.

ఇంజనీరుకు ఒక సంఖ్య కనిపిస్తే దానిని మరొక సంఖ్యలోంచి తీసివేయకుండా ఉండలేడు. మేమూ ఆ జాతివారమే. నలుగురి వ్యక్తిగత ఉత్తమ కాలాలను కూడి, అందులోంచి జట్టు రిలే కాలాన్ని తీసివేస్తే మిగిలేది మార్పిడి వల్ల కలిగిన లాభం. లండన్‌లో పరుగెత్తిన జమైకా జట్టును చూద్దాం. నాటికి నెస్టా కార్టర్ ఉత్తమ కాలం 9.78, మైకేల్ ఫ్రేటర్‌ది 9.88, యోహాన్ బ్లేక్‌ది 9.75, బోల్ట్‌ది 9.58. మొత్తం 38.99. వారు పరుగెత్తినది 36.84. లాభం 2.15 సెకన్లు.

ఇప్పుడు 2016 రియో ఒలింపిక్స్‌కు వద్దాం. అక్కడ జపాన్ జట్టులో యమగాటా, ఈజుకా, కిర్యూ, కేంబ్రిడ్జ్ అనే నలుగురు ఉన్నారు. వారిలో ఏ ఒక్కరూ నాటి వరకు వంద మీటర్లను పది సెకన్ల లోపు పరుగెత్తి ఉండలేదు. వారి ఉత్తమ కాలాలు వరుసగా 10.05, 10.22, 10.01, 10.10. మొత్తం 40.38. ఫైనల్లో వారి కాలం 37.60, రజత పతకం. లాభం 2.78 సెకన్లు! అదే పందెంలో అమెరికా పక్షాన రాడ్జర్స్, గాట్లిన్, టైసన్ గే, బ్రోమెల్ పరుగెత్తారు. నాటికి వారి ఉత్తమ కాలాలు 9.85, 9.74, 9.69, 9.84. మొత్తం 39.12. కాగితం మీద జపాన్ కంటే 1.26 సెకన్లు ముందున్న జట్టు అది. గీత దాటినప్పుడు గడియారం 37.62 చూపింది. లాభం కేవలం ఒకటిన్నర సెకను. అమెరికావారి వేగమంతా మూడు మార్పిడులలో హరించుకుపోయి, జపాన్‌కు రెండు వందల వంతుల వెనుక నిలిచారు. ఆ మూడవ స్థానం కూడా వారికి దక్కలేదు. రాడ్జర్స్ నుండి గాట్లిన్ బేటన్‌ను హద్దు గీతకు ముందే తాకాడని తేలడంతో జట్టును అనర్హులుగా ప్రకటించి, కాంస్యం 37.64లో ముగించిన కెనడాకు ఇచ్చారు.

హద్దు సంగతి కొంత వివరించాలి. నాటి నిబంధన ప్రకారం 4×100 రిలేలో మార్పిడికి 20 మీటర్ల జోన్ ఉండేది. అందుకునేవాడు దానికి 10 మీటర్ల ముందు నుండి పరుగు మొదలుపెట్టవచ్చు గాని, బేటన్ మాత్రం ఆ 20 మీటర్లలోనే చేతులు మారాలి. 2017 చివరిలో నిబంధన మార్చి మొత్తం 30 మీటర్లనూ జోన్‌గా చేశారు. ఏ నిబంధన అయినా చూసేది బేటన్ ఎక్కడున్నదని మాత్రమే. ఆటగాడి పాదం గాని, శరీరం గాని ఎక్కడున్నా లెక్కలోకి రాదు. అందుకునేవాడి చేయి మొదటిసారి తాకడంతో మార్పిడి మొదలవుతుంది. బేటన్ అతని ఒక్కడి చేతిలో ఉన్న క్షణాన అది పూర్తవుతుంది. గమనించండి: ఈ రెండు క్షణాల నడుమ బేటన్ ఇద్దరిదీ.

పరుగువీరులు ఆ 20 మీటర్లను రెండు సెకన్ల లోపు దాటివేస్తారు. అందుకునేవాడు వెనుకకు చూడడు. తాను నిలిచిన చోటికి కొన్ని అడుగుల వెనుక నేల మీద ఒక గుర్తు అతికించుకుంటాడు. వచ్చేవాడు ఆ గుర్తును దాటగానే ముఖం తిప్పి, బలమంతా పెట్టి బయలుదేరుతాడు. పిలుపు వినగానే చేయి వెనుకకు చాచుతాడు. అతడు సెకనులో అయిదవ వంతు ముందుగా కదిలితే చాలు, వెనుకవాడు రెండు మీటర్లు తక్కువ పడతాడు. ఆ మేరకు ఆలస్యంగా కదిలితే ఇద్దరూ ఢీకొనవలసినదే. గుర్తు ఎన్ని అడుగుల దూరంలో పెట్టాలన్నది ఇద్దరి వేగాలకూ, ఆనాటి గాలికీ, అలసటకూ సంబంధించిన విషయం. ఇది సాధనతో తప్ప లెక్కతో తేలేది కాదు.

జపాన్‌వారు ఈ శతాబ్ది ఆరంభం నుండి బేటన్‌ను కింది నుండి పైకి అందించే పద్ధతిని పట్టుదలగా అభ్యసించారు. ఇందులో అందుకునేవాడు చేతిని భుజం ఎత్తు వరకు లేపనక్కరలేదు గనుక పరుగు లయ చెడదు. అయితే ఇద్దరూ దగ్గరగా రావాలి, మేము పైన చెప్పిన ఉచిత దూరం తగ్గిపోతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి చేయిని మరికొంత చాచేలా పద్ధతిని సవరించుకున్నారు. ఒక దాని కోసం మరొక దానిని వదులుకుంటూ, వదులుకున్న దానిలో కొంత తిరిగి రాబట్టుకోవడమే ఏ యంత్ర రూపకల్పనలోనైనా ఇంజనీరు చేసే పని. అందువల్లనేమో, రియోలోని బంగారు పతకం కంటే ఆ రజతమే మాకు ఎక్కువ ముచ్చట గొలిపింది.

అట్లని ఆ పద్ధతికి ఎదురులేదని చెప్పలేము. 2021లో టోక్యోలో, సొంత గడ్డ మీద జరిగిన ఒలింపిక్ ఫైనల్లో అదే జపాన్ జట్టు మొదటి అంచె నుండి రెండవ అంచెకు బేటన్ అందించలేకపోయింది. అందుకోవలసినవాడు రియోలో పరుగెత్తిన యమగాటాయే. జట్టు పందెం ముగించలేదు.

పందెం పుట్టిన నాటి నుండి ఈ తంటా ఉన్నదే. ఒలింపిక్స్‌లో 4×100 రిలే 1912లో స్టాక్‌హోమ్‌లో మొదలయింది. అక్కడ బ్రిటన్ జట్టును సెమీఫైనల్లో అమెరికా ఓడించింది గాని, మార్పిడి లోపం వల్ల అనర్హమయింది. ఫైనల్లో జర్మనీకీ అదే గతి పట్టింది. బ్రిటన్ 42.4 సెకన్లతో స్వర్ణం గెలుచుకుంది. ఆ ఏడాదే వంద మీటర్ల తొలి అధికారిక ప్రపంచ రికార్డు 10.6 నమోదయింది. 10.6 నుండి బోల్ట్ 9.58 వరకు తగ్గినది ఒక సెకను పైచిలుకు, నలుగురికీ కలిపి సుమారు నాలుగు సెకన్లు. కాని స్టాక్‌హోమ్ నుండి లండన్ వరకు నూరేళ్లలో ఒలింపిక్ విజేతల రిలే కాలం 5.56 సెకన్లు తగ్గింది. చేతి గడియారాలను, బూడిద పరచిన నాటి బాటలను మినహాయించుకున్నా, మిగిలిన ఒకటిన్నర సెకనులో మార్పిడి నేర్పుకు పెద్ద వాటా ఉన్నదని మా అభిప్రాయం.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జర్మనీ మహిళల జట్టు హీట్స్‌లో 46.4 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఫైనల్లో మూడు అంచెలు ముగిసేసరికి ప్రత్యర్థుల కంటే చాలా ముందున్నది. ప్రేక్షకులలో హిట్లర్ కూర్చుని ఉన్నాడు. మూడవ అంచె పరుగెత్తిన మారీ డోలింగర్ నుండి ఆఖరి అంచెకు ఇల్సే డోర్‌ఫెల్ట్ చేతికి వెళ్లవలసిన బేటన్ నేల పడింది. స్వర్ణం 46.9తో అమెరికాకు దక్కింది. జర్మనీ జట్టు హీట్స్‌లో పెట్టిన రికార్డు 1952 వరకు చెక్కుచెదరలేదు, పతకం మాత్రం లేదు. 1952లో హెల్సింకీలో ఆస్ట్రేలియా మహిళలకు సరిగ్గా అదే జరిగింది. హీట్స్‌లో ప్రపంచ రికార్డు, ఫైనల్లో ఆఖరి మార్పిడి పూర్తయీ అవగానే మార్జరీ జాక్సన్ చేతిలోని బేటన్ సహచరి మోకాలు తగిలి ఎగిరిపోయింది. అది ఎవరి తప్పు? ఇచ్చిన ఆమె మోకాలిదా, పుచ్చుకున్న ఆమె వేళ్లదా? పడిన వెంటనే బేటన్‌ను ఎవరు తిరిగి తీసుకోవాలన్నది నిబంధనల పుస్తకం చెబుతుంది: ఎవరి చేతి నుండి జారితే వారే. అంతకు మించి పుస్తకం ఏమీ చెప్పదు.

ఇక్కడ మా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మూడు దశాబ్దాల నాటి మాట, మేము కొత్తగా ఉద్యోగంలో చేరిన వేరొక కర్మాగారంలో జరిగింది. నాడు మాకు రాత్రి షిఫ్ట్. వేడినీటి పంపులు రెండింటిలో ఒకదానికి గ్లాండ్ ప్యాకింగ్ మార్చే పని సగంలో ఉంది. ఉదయం రావలసిన ఇంజనీరు అయిదు నిమిషాలు ఆలస్యం. కాలనీ బస్సు కదలబోతున్నది. మేము లాగ్ బుక్‌లో "2వ నంబరు పంపు పని ముగింపు దశలో ఉన్నది" అని వ్రాసి, హెల్పరుతో ఒక మాట చెప్పి బస్సెక్కాము. వచ్చినవారు ఆ వాక్యాన్ని "పని ముగిసినది" అని చదువుకున్నారు. పంపు నడిపారు. గ్లాండ్ వద్ద వేడినీరు చిమ్మి ఒక ఆపరేటరు ముంజేయి కాలింది. విచారణలో మేము వ్రాసిన వాక్యం తప్పు కాదనీ, వారు ట్యాగ్ చూడకుండా నడపడం తప్పనీ తేల్చారు. మాకు మందలింపు కూడా రాలేదు. ఆ ఆపరేటరు ఆరు వారాల తరువాత పనిలోకి వచ్చాడు. కనిపించినప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని. నాటి నుండి మేము ఎదుటివారు వచ్చి, పంపు వరకు మాతో నడిచి, ట్యాగ్ చేత్తో తాకే వరకు షిఫ్ట్ విడువలేదు. ఎన్ని బస్సులు తప్పాయో లెక్క లేదు.

మళ్లీ పందెం వద్దకు వద్దాము.

నాలుగు వందల మీటర్ల అంచెలు గల 4×400 రిలే స్వభావం వేరు. అక్కడ వచ్చేవాడు కాళ్లీడ్చుకుంటూ వస్తాడు గనుక అందుకునేవాడు వెనుకకు చూస్తూ, కళ్లారా చూసి తీసుకుంటాడు. మార్పిడి లాభం తక్కువ, ఊపిరి పరీక్ష ఎక్కువ. పురుషుల ప్రపంచ రికార్డు 1993లో స్టట్‌గార్ట్‌లో అమెరికా జట్టు నెలకొల్పింది: వాల్మన్, వాట్స్, రెనాల్డ్స్, మైకేల్ జాన్సన్ కలసి 2 నిమిషాల 54.29 సెకన్లు. సగటున అంచెకు 43.57. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా 2:54.43 వరకు వచ్చింది, వారి వెనుకనే బోట్స్‌వానా 2:54.53. మహిళలలో 1988 సియోల్‌లో సోవియట్ యూనియన్ జట్టు స్థాపించిన 3:15.17 కూడా పారిస్‌లో అమెరికా మహిళల 3:15.27కు అందలేదు. రికార్డు నెలకొల్పిన దేశమే పటం మీద నుండి పోయింది గాని రికార్డు నిలిచింది. ఇద్దరు పురుషులు, ఇద్దరు మహిళలు కలసి పరుగెత్తే మిశ్రమ రిలే 2021లో టోక్యోలో ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. దాని గురించి మరొకసారి వివరంగా వ్రాస్తాము.

అయితే 4×400 చరిత్రలో మమ్మల్ని ఎక్కువగా కలచివేసినది రికార్డు కాదు, ఒక ఫలితం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అమెరికా ప్రథమ స్థానంలో, నైజీరియా 2:58.68తో ద్వితీయ స్థానంలో వచ్చాయి. ఎనిమిదేళ్ల పిమ్మట, 2008లో, అమెరికా జట్టులోని ఆంటోనియో పెటిగ్రూ తాను నిషిద్ధ ఉత్ప్రేరకాలు వాడినట్లు న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పాడు. మైకేల్ జాన్సన్ తన స్వర్ణాన్ని తిరిగి ఇచ్చివేస్తానని ప్రకటించాడు. జట్టు పతకాలు రద్దయ్యాయి. ఆ స్వర్ణం నైజీరియాకు చెందుతుందని ఒలింపిక్ సంఘం నిర్ణయించేసరికి 2012 జులై వచ్చింది. నైజీరియా తరఫున మూడవ అంచె పరుగెత్తిన సండే బాడా అంతకు ఏడు నెలల ముందు, 2011 డిసెంబరులో మరణించాడు. తాను ఒలింపిక్ విజేతనని ఎరుగకుండానే పోయాడు.

2008 బీజింగ్ కథ మన పాఠకులలో పలువురికి తెలిసే ఉంటుంది. జమైకా 37.10 సెకన్లతో ప్రపంచ రికార్డు స్థాపించి స్వర్ణం గెలిచింది. నిల్వ ఉంచిన నమూనాలను పునఃపరీక్షించగా మొదటి అంచె పరుగెత్తిన నెస్టా కార్టర్ నమూనాలో నిషిద్ధ పదార్థం కనిపించింది. 2017 జనవరిలో నలుగురి పతకాలూ రద్దయ్యాయి. బోల్ట్ తొమ్మిది ఒలింపిక్ స్వర్ణాలు ఎనిమిదయ్యాయి. స్వర్ణం ట్రినిడాడ్ అండ్ టొబాగోకు, రజతం జపాన్‌కు, కాంస్యం నాలుగవ స్థానంలో వచ్చిన బ్రెజిల్‌కు వెళ్లాయి. ఒకని నరాలలోని పదార్థానికి మిగిలిన ముగ్గురు మూల్యం చెల్లించడం న్యాయమా అని వాదించేవారున్నారు. మాకు ఆ వాదన రుచించదు. ఆ ఒకడు కూడా మోసుకుని వచ్చిన బేటన్‌నే కదా నాలుగవవాడు గీత దాటించాడు!

మన దేశం ఈ అనుభవానికి రెండు వైపులా నిలిచింది. 2018 జకార్తా ఆసియా క్రీడలలో మిశ్రమ రిలేలో అనస్, పూవమ్మ, హిమా దాస్, ఆరోకియా రాజీవ్ రజతం సాధించారు. విజేత బహ్రెయిన్ జట్టులోని ఒకరిపై ఉత్ప్రేరకాల వాడుక రుజువు కావడంతో అది తరువాత స్వర్ణంగా మారింది. కాగా 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో మహిళల 4×400 స్వర్ణం గెలిచి దేశమంతటినీ ఆనందింపజేసిన మన నలుగురిలో ముగ్గురు, మరుసటి ఏడాది పరీక్షలలో దోషులుగా తేలారు. ఆ వార్త వచ్చిన ఉదయం క్యాంటీన్‌లో ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు, అందరి చేతిలోనూ పత్రిక ఉన్నది.

రిలేలో మన మహిళల ఘనత మాత్రం ఒక్క మచ్చతో తుడిచిపెట్టుకుపోయేది కాదు. 1984 లాస్ ఏంజిలెస్‌లో వల్సమ్మ, వందనా రావు, షైనీ అబ్రహాం, పి.టి. ఉష ఒలింపిక్ ఫైనల్‌కు చేరి 3:32.49తో ఏడవ స్థానం పొందారు. అది నాటికి ఆసియా రికార్డు. 2006 దోహా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన జట్టులో తణుకుకు చేరువలోని మార్టేరు అమ్మాయి సత్తి గీత ఉన్నది. ఆ తరువాత పద్దెనిమిదేళ్లకు, పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన మహిళల 4×400 జట్టులో దండి జ్యోతికశ్రీది సాక్షాత్తు తణుకే. పశ్చిమ గోదావరి నీటిలో ఏమున్నదో మా ప్రయోగశాలవారు పరీక్షించాలి! పురుషులలో 2010 ఢిల్లీ క్రీడలలో 38.89 సెకన్లతో 4×100 కాంస్యం తెచ్చిన నలుగురిలో మన హైదరాబాదు యువకుడు అబ్దుల్ నజీబ్ ఖురేషీ ఒకడు.

పారిస్‌కు అర్హత సంపాదించిన తీరు కూడా చెప్పుకోదగినది. 2024 మేలో బహామాస్‌లోని నస్సావులో ప్రపంచ రిలే పోటీలు జరిగాయి. మొదటి రోజు పురుషుల జట్టులో రెండవ అంచె పరుగెత్తుతున్న రాజేష్ రమేష్ కండరాలు పట్టివేసి మధ్యలోనే ఆగిపోయాడు. బేటన్ మూడవవానికి అందనే లేదు. మరునాడు మరొక అవకాశం. అనస్, అజ్మల్, ఆరోకియా రాజీవ్, అమోజ్ జేకబ్ 3:03.23తో తమ హీట్‌లో రెండవ స్థానం సాధించి జట్టును పారిస్‌కు చేర్చారు. అదే రోజు రూపల్, పూవమ్మ, జ్యోతికశ్రీ, శుభా వెంకటేశన్ 3:29.35తో మహిళల జట్టునూ చేర్చారు.

ఆగిపోయిన ఆ రాజేష్ రమేష్, దక్షిణ రైల్వేలో టికెట్ల తనిఖీ ఉద్యోగం చేసినవాడు, అంతకు తొమ్మిది నెలల ముందు బుడాపెస్ట్ ప్రపంచ పోటీలలో ఆఖరి అంచె పరుగెత్తినవాడే. 2023 ఆగస్టులో నాటి హీట్‌లో అనస్, అమోజ్, అజ్మల్, రాజేష్ 2 నిమిషాల 59.05 సెకన్లు నమోదు చేశారు. అమెరికా 2:58.47తో ముందు నిలవగా, మనవారు అర సెకను పైచిలుకు తేడాతో రెండవ స్థానంలో వచ్చారు. మూడు నిమిషాల గోడ దాటడం మనకు అదే మొదలు, పైగా ఆసియా రికార్డు. మరునాటి ఫైనల్లో 2:59.92తో అయిదవ స్థానం దక్కింది. ఆ రాత్రి మేము టెలివిజన్ ముందు నిలబడి చూశాము, కూర్చుంటే కుదరలేదు. ఆ ఆసియా రికార్డు మన చేతిలో ఏడాది కూడా నిలవలేదు. పారిస్ ఫైనల్లో జపాన్ 2:58.33తో దానిని తీసుకున్నది. మనవారు అక్కడ 3:00.58తో హీట్స్‌లోనే నిష్క్రమించారు.

రియోలోనే జరిగిన మరొక సంఘటనతో ఉత్తరానికి జవాబు ముగిస్తాము. మహిళల 4×100 హీట్‌లో అమెరికాకు చెందిన ఆలిసన్ ఫెలిక్స్ బేటన్ అందించబోతుండగా పక్క వరుసలోని బ్రెజిల్ క్రీడాకారిణి తగిలింది. బేటన్ నేల పడింది. అయినా వారు దానిని తిరిగి తీసుకుని, అందరికంటే చివర పందెం ముగించారు. ముగించినందువల్ల ఫిర్యాదు చేయడానికి వీలు కలిగింది. ఆ సాయంకాలం బాట మీద మరెవరూ లేకుండా ఆ నలుగురే గడియారంతో పోటీపడి 41.77 నమోదు చేసి ఫైనల్ చేరారు. మరునాడు అంచున ఉన్న ఒకటవ వరుస నుండి పరుగెత్తి 41.01తో స్వర్ణం గెలిచారు. హీట్‌లో అందించిన ఫెలిక్స్, అందుకోవలసిన ఇంగ్లిష్ గార్డ్‌నర్ ఫైనల్లోనూ అదే వరుసలో, అదే చోట ఒకరి వెనుక ఒకరు నిలిచారు.

మన క్రీడా సంఘం బీరువాలో నాలుగు బేటన్లు ఉన్నాయి, వర్క్‌షాపువారు అల్యూమినియం గొట్టం కోసి ఇచ్చినవి. నిబంధనల ప్రకారం పొడవు 28 నుండి 30 సెంటీమీటర్లు, బరువు 50 గ్రాములకు తక్కువ కారాదు. మేము నాలుగింటినీ కొలిచాము. మూడు సరిగానే ఉన్నాయి. నాలుగవ దాని అంచు ఒక పక్క సొట్టబోయి ఉన్నది. కిందటి ఏడాది పడినది అదేనట. వర్క్‌షాపుకు పంపి అంచు సరిచేయించాము. ఈ ఏడాది క్రీడోత్సవానికి పాఠశాల నుండి వచ్చిన జట్ల పట్టికలో ఉత్తరం వ్రాసిన అమ్మాయి పేరు మూడవ అంచెకు, ఆమె స్నేహితురాలి పేరు నాలుగవ అంచెకు ఉన్నాయి. వ్యాయామ ఉపాధ్యాయుని అడిగితే, సాయంకాలం అయిదు గంటలకు సుద్దముక్కతో గుర్తు గీసుకుని ఇద్దరూ సాధన చేస్తున్నారనీ, గుర్తు పద్దెనిమిది అడుగులా, ఇరవయ్యా అన్న దగ్గర ఇంకా వాదన నడుస్తున్నదనీ చెప్పారు.